స్టూడెంట్ అఫైర్స్‌లో మాస్టర్స్: సీటు కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న

(అమెరికాలో పై చదువులకు వెళ్లాలనుకునే విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల కోసం హైదరాబాద్‌లో ఏర్పాటైన సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభికుల ప్రశ్నలు కొన్ని చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని ఇంతమంది వచ్చారు, పెద్దవాళ్లు కూడా వచ్చారు, చాలా సంతోషం. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నాకు తరచుగా ఒక మెసేజ్ వస్తుంటుంది. "మేడమ్, బీటెక్‌లో 7.4, ఐఈఎల్‌టీఎస్ 7, ఒక ఏడాది ఉద్యోగం చేశాను. హయ్యర్ ఎడ్యుకేషన్ అండ్ స్టూడెంట్ అఫైర్స్‌కి అప్లై చేస్తే చాన్స్ ఎంత?" ఈ ప్రశ్న అడగడంలో తప్పేం లేదు. కంప్యూటర్ సైన్స్‌కి వెళ్లే మీ స్నేహితులు ఇలాగే లెక్క వేసుకుంటారు. పోయినేడాది ఎవరికి ఎంత స్కోరుతో ఎక్కడ సీటొచ్చిందో చూస్తారు, తమ స్కోరు పక్కన పెట్టుకుంటారు, ఓ అంచనాకొస్తారు. అక్కడ ఒక్కో యూనివర్సిటీ వందల మందిని తీసుకుంటుంది కాబట్టి ఆ అంచనా కొంతవరకు పనిచేస్తుంది.

మన కోర్సులో, అంటే కాలేజీ విద్యార్థుల బాగోగులు చూసే సిబ్బందిని తయారుచేసే ఈ మాస్టర్స్‌లో, అది పనిచెయ్యదు. చాలా చోట్ల ఒక బ్యాచ్ అంటే పదిహేను నుంచి ముప్ఫై మంది. వాళ్లను ఎంచుకునేది కూడా మార్కుల వరస చూసి కాదు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఇక్కడ మీకు రావాల్సినవి రెండు. ఒకటి అడ్మిషన్, రెండోది అసిస్టెంట్‌షిప్, అంటే క్యాంపస్‌లో పనిచేస్తూ ఫీజు మాఫీ, స్టైపెండ్ పొందే అవకాశం. ఈ రెంటినీ ఇచ్చేవాళ్లు వేరు, చూసే కళ్లు వేరు. మీ చాన్స్ తెలుసుకోవాలంటే ఈ రెండు లెక్కలూ విడివిడిగా వేసుకోవాలి. ఇవాళ నేను చెప్పబోయేదంతా దీని గురించే.

పెద్దవాళ్ల కోసం ముందు ఒక్క మాట. అమెరికాలో ఏ యూనివర్సిటీ తీసుకున్నా పాఠాలు చెప్పే ప్రొఫెసర్లు ఒకవైపు ఉంటారు. పిల్లవాడు హాస్టల్లో ఎలా ఉన్నాడు, కొత్తగా వచ్చినవాళ్లకు ఓరియెంటేషన్ ఎవరిస్తారు, క్లబ్బులు ఎవరు నడిపిస్తారు, గొడవ జరిగితే విచారణ ఎవరు చేస్తారు, ఉద్యోగాల వేటలో ఎవరు సాయం చేస్తారు, విదేశీ విద్యార్థుల కాగితాలు ఎవరు చూస్తారు? ఈ పనులన్నిటికీ వేరే సిబ్బంది ఉంటారు. మీ అబ్బాయి అక్కడ దిగిన మొదటి వారంలో గది తాళం ఇచ్చింది, ఐ20 అనే వీసాకి కావాల్సిన యూనివర్సిటీ పత్రం సరిచూసింది వీళ్లే. ఈ వృత్తికి వందేళ్ల పైబడిన చరిత్ర ఉంది. ఈ వృత్తివాళ్ల సంఘాలు రెండున్నాయి: నాస్పా 1919లో మొదలైంది, ఏసీపీఏ 1924లో. విద్యార్థిని చదువు ఒక్కటే కాకుండా మనిషిగా మొత్తంగా చూడాలని చెప్పిన పత్రాన్ని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ 1937లో వెలువరించింది. దాన్ని ఇప్పటికీ మొదటి సెమిస్టర్లోనే చదివిస్తారు. 1961లో అలబామాలో ఒక కేసు నడిచింది. నల్లవాళ్లకు వడ్డించని లంచ్ కౌంటర్ దగ్గర బైఠాయించిన నల్లజాతి విద్యార్థులను ఓ ప్రభుత్వ కాలేజీ కనీసం వాళ్ల మాట కూడా వినకుండా పంపించేసింది. అలా కుదరదు, వాళ్లకు నోటీసివ్వాలి, వాళ్ల వాదన వినాలి అని కోర్టు చెప్పింది. కాలేజీ తల్లిదండ్రుల స్థానంలో కూర్చుని ఇష్టమొచ్చినట్టు శిక్షించే రోజులు అక్కడి నుంచి పోవడం మొదలైంది. ఈ వృత్తికి చట్టం, మనస్తత్వశాస్త్రం, పరిపాలన అన్నీ తెలిసిన మనుషులు కావాల్సి వచ్చింది. అందుకే దీనికి మాస్టర్స్ డిగ్రీ ఉంది, మొదటి స్థాయి ఉద్యోగాలు చాలావాటికి ఆ డిగ్రీ అడుగుతారు.

ఇప్పుడు సీట్ల సంగతికొద్దాం.

ఈ కోర్సు సాధారణంగా రెండేళ్లు. అందులో చేరినవాళ్లు క్యాంపస్‌లోనే ఏదో ఒక ఆఫీసులో వారానికి 20 గంటలు పనిచేస్తారు. హౌసింగ్, కెరీర్ సెంటర్, ఓరియెంటేషన్, స్టూడెంట్ కండక్ట్, అకడమిక్ అడ్వైజింగ్, ఇలా ఏదైనా కావచ్చు. దాన్నే గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌షిప్ అంటారు. దానికి బదులుగా ట్యూషన్ ఫీజు పూర్తిగానో, చాలావరకో మాఫీ అవుతుంది, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. హౌసింగ్‌లో హాల్ డైరెక్టర్‌గా తీసుకుంటే చాలా చోట్ల హాస్టల్ భవనంలోనే ఉండటానికి అపార్ట్‌మెంట్, మెస్‌లో భోజనం కూడా ఇస్తారు. డబ్బు సంగతి అలా ఉంచండి. అసలు చదువులో సగం ఆ 20 గంటల్లోనే ఉంటుంది. క్లాసులో విద్యార్థుల ఎదుగుదల గురించి సిద్ధాంతం చదువుతారు, సాయంత్రం హాస్టల్లో అదే సిద్ధాంతం మీ ఎదురుగా నిలబడి "నా రూమ్‌మేట్‌తో ఇక ఉండలేను" అంటుంది.

కాబట్టి ఒక ప్రోగ్రామ్ ఎంతమందిని తీసుకుంటుందన్నది క్లాస్‌రూమ్‌లో బెంచీలను బట్టి ఉండదు. ఆ ఏడాది క్యాంపస్‌లో ఎన్ని ఆఫీసులు అసిస్టెంట్‌షిప్ ఇస్తున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. బౌలింగ్ గ్రీన్, వెర్మాంట్, ఒహాయోలోని మయామీ యూనివర్సిటీ, అయోవా స్టేట్, కొలరాడో స్టేట్ లాంటి పాత ప్రోగ్రాములు ఇలా అసిస్టెంట్‌షిప్‌తో అల్లుకుని పెరిగినవే. కొన్ని చోట్ల అసిస్టెంట్‌షిప్ దొరికితేనే అడ్మిషన్ ఖాయమవుతుంది. ఇంకోరకం ప్రోగ్రాములు కూడా ఉన్నాయి. హార్వర్డ్, పెన్సిల్వేనియా యూనివర్సిటీ లాంటి చోట్ల మాస్టర్స్ ఒక్క ఏడాదిలో ముగించొచ్చు. పేరు పెద్దది, ఖర్చూ పెద్దదే. అలాంటి చోట అడ్మిషన్ వచ్చినంత మాత్రాన ఫీజు మాఫీ వచ్చినట్టు కాదు. పేరు చూసి ముందు ఆశపడతాం, తర్వాత బ్యాంకు లోన్ కాగితాలు చూసి కంగారుపడతాం. ఆ కంగారు అప్లై చెయ్యకముందే పడితే మంచిది.

ఎంపిక ఎలా జరుగుతుందో చెప్తాను. డిసెంబరు, జనవరిల్లో అప్లికేషన్లు ముగుస్తాయి. ప్రొఫెసర్లు, కొంతమంది ఆఫీసు సిబ్బంది కలిసి ఫైళ్లు చదువుతారు. బాగున్నాయనుకున్నవాళ్లను ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇంటర్వ్యూ రోజులకు పిలుస్తారు. అక్కడికి వెళ్లి హాజరయ్యేవాళ్లుంటారు, మనలాంటి వాళ్లకు జూమ్‌లో పెడతారు. ఆ రెండు మూడు రోజుల్లో ఒక్కో అభ్యర్థి నాలుగైదు ఆఫీసులతో విడివిడిగా మాట్లాడాలి. ప్రోగ్రామ్ వాళ్లకు మీరు నచ్చి, ఏ ఆఫీసుకూ నచ్చకపోవచ్చు. హౌసింగ్‌కి బాగా నచ్చి, ప్రోగ్రామ్ వెయిటింగ్ లిస్టులో పెట్టొచ్చు. రెండు లెక్కలు వేసుకోమన్నది అందుకే.

మొదటి లెక్క, అడ్మిషన్. చాలా చోట్ల జీపీఏ కనీసం 3.0 అడుగుతారు. మన శాతాలను వాళ్ల స్కేలుకి మార్చే పని యూనివర్సిటీ వాళ్లే చేస్తారు, లేదా వెస్ లాంటి సంస్థ చేత చేయించమంటారు. ఫస్ట్ క్లాసులో పాసైనవాళ్లకు సాధారణంగా ఈ గడప దాటడం కష్టం కాదు. ఉస్మానియాలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో మూడేళ్ల డిగ్రీ చేసినవాళ్లు మాత్రం ఒక్కో యూనివర్సిటీని ముందే మెయిల్ రాసి అడగండి. కొందరు మూడేళ్ల డిగ్రీని ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు. జీఆర్‌ఈని చాలా ప్రోగ్రాములు ఎత్తేశాయి. ఇక మిగిలింది మీ వ్యాసం, రికమెండేషన్ లెటర్లు, రెజ్యూమె. మనవాళ్ల ఫైళ్లు నీరసపడేది సరిగ్గా ఇక్కడే.

వ్యాసం సంగతి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మన చేతుల్లో పూర్తిగా ఉన్నది ఇదొక్కటే. ఎక్కువమంది ఇలా మొదలుపెడతారు: "చిన్నప్పటి నుంచి నాకు విద్య అంటే ఎంతో మక్కువ. ప్రపంచంలోనే మేటి అయిన అమెరికా విద్యావ్యవస్థలో చదవాలన్నది నా కల." ఫైలు చదివేవాళ్లకు దీనివల్ల మీ గురించి ఒక్క ముక్క కూడా తెలియదు. వాళ్లకు తెలియాల్సింది రెండే విషయాలు. ఈ పని ఎలా ఉంటుందో మీకు తెలుసా? ఇప్పటికే ఇందులో ఏ చిన్న ముక్కైనా చేశారా?

ఓ కుర్రాడి సంగతి చెప్తాను. పేరు, ఊరు చెప్పను. మన తెలుగు ప్రాంతంలోనే ఓ ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో మెస్ సెక్రటరీగా చేశాడు. రెజ్యూమెలో చివరి లైనులో 'మెస్ సెక్రటరీ, 2 సెమిస్టర్లు' అని రాసి వదిలేశాడు. పైనంతా పైథాన్, జావా, మినీ ప్రాజెక్టు. మాటల్లో పెడితే అప్పుడు చెప్పాడు. భోజనం బాగా లేదని పిల్లలు ప్లేట్లు విసిరేశారట, సీనియర్లు సమ్మె అన్నారట. ఇతను కౌంటర్ దగ్గర ఓ లాంగ్ నోట్‌బుక్ పెట్టాడు, పేరు రాయక్కర్లేదన్నాడు. ఎందుకు అక్కర్లేదన్నావని అడిగాను. "ఫస్టియర్ వాళ్లు పేరు రాయడానికి భయపడతారు మేడమ్, వార్డెన్ చూస్తాడని" అన్నాడు. నెల తిరిగేసరికి చూస్తే ఫిర్యాదులు ఎక్కువగా ఆదివారం రాత్రివే, రాసింది ఎక్కువగా ఫస్టియర్ వాళ్లే. సీనియర్లు ఆ రాత్రి బయట తినేసి వస్తారు. అందుకని వంటవాళ్లు మధ్యాహ్నం మిగిలిందే వేడిచేసి పెడుతున్నారు. బయటికెళ్లే అలవాటు లేని కొత్తపిల్లలు అదే తిని ఊరుకుంటున్నారు. ఇతను వార్డెన్ దగ్గరికి నోట్‌బుక్ తీసుకెళ్లి చూపించాడు. ఆదివారం రాత్రికి ఎంతమంది తింటారో పొద్దున్నే పేర్లు తీసుకుని, అంతమందికే కొత్తగా వండాలని ఒప్పించాడు.

ఏసీపీఏ, నాస్పా కలిసి ఈ వృత్తికి కావాల్సిన నైపుణ్యాలను పది రంగాలుగా 2015లో సవరించి ప్రకటించాయి. అందులో అసెస్‌మెంట్ ఒక రంగం. విద్యార్థులకు ఏం జరుగుతోందో ఊహించకుండా, సమాచారం సేకరించి, దాన్నిబట్టి పద్ధతి మార్చడం. ఈ కుర్రాడు చేసింది అచ్చంగా అదే. పైగా గొంతు లేనివాళ్లు ఎవరో కనిపెట్టాడు. దీన్ని మించిన వ్యాసం ఇంకేం కావాలి? దాన్ని చివరి లైనులో పాతిపెట్టి, పైన పైథాన్ రాసుకున్నాడు.

ఈ హాల్లో ఉన్నవాళ్లలో చాలామంది దగ్గర ఇలాంటివి ఉంటాయి. ఎన్ఎస్ఎస్‌లో రెండేళ్లు చేసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి... చూడండి, చాలామందే ఉన్నారు. రెండేళ్లలో 240 గంటలు, ఊళ్లో ఏడు రోజుల క్యాంపు. మీరు దాన్ని సర్టిఫికెట్‌గా చూస్తారు. చదివేవాళ్లు అడిగేది వేరు: ఆ క్యాంపులో ఎవరు ఎవరితో మాట్లాడలేదు, ఎవరు మధ్యలో ఇంటికి వెళ్లిపోతానన్నారు, మీరేం చేశారు? కాలేజీ ఫెస్ట్‌లో వాలంటీర్లను చూసుకున్నవాళ్లు, ప్లేస్‌మెంట్ సెల్‌లో జూనియర్లకు మాక్ ఇంటర్వ్యూలు పెట్టినవాళ్లు, యాంటీ ర్యాగింగ్ కమిటీలో విద్యార్థి ప్రతినిధిగా కూర్చున్నవాళ్లు, మీ అందరిదీ ఈ వృత్తికి పనికొచ్చే అనుభవమే. అమెరికాలో డిగ్రీ చదివిన అభ్యర్థుల దగ్గర రెసిడెంట్ అసిస్టెంట్‌గా, అంటే హాస్టల్లో తోటి విద్యార్థులను చూసుకునే విద్యార్థి ఉద్యోగిగా, చేసిన అనుభవం ఉంటుంది. మనకు ఆ ఉద్యోగం పేరు లేదు, పని మాత్రం చాలామందిమి చేశాం. పేరు లేని పనిని విడమరిచి చెప్పాల్సింది మనమే.

రికమెండేషన్ లెటర్లు. మన హెచ్‌ఓడీ గారి కంప్యూటర్‌లో ఒకే లెటర్ ఉంటుంది. క్రమశిక్షణ గలవాడు, కష్టపడతాడు, వినయశీలి, పేరు మార్చు, ప్రింట్ తియ్యి. హెచ్‌ఓడీ గారి మీద నాకు గౌరవమే, ఆయనకు వందలమంది విద్యార్థులు, ఆయన మాత్రం ఏం చేస్తారు! కానీ ఈ కోర్సుకి వినయశీలి అన్న ముక్క ఏ సాయమూ చెయ్యదు. మిమ్మల్ని పనిలో చూసినవాళ్లను అడగండి. ఎన్ఎస్ఎస్ ప్రోగ్రామ్ ఆఫీసర్, హాస్టల్ వార్డెన్, ట్రైనింగ్ అండ్ ప్లేస్‌మెంట్ ఆఫీసర్. అడిగేటప్పుడు మీరు చేసిన పనులు ఓ పేజీలో రాసి ఇవ్వండి, వాళ్లకు గుర్తుచెయ్యండి. కనీసం నెల ముందు అడగండి.

ఇక రెండో లెక్క, అసిస్టెంట్‌షిప్. ఇందులో మీ చాన్స్ పెంచే నిర్ణయం ఒకటుంది. హౌసింగ్‌కి సరేనంటారా? పెద్ద క్యాంపస్‌లలో అసిస్టెంట్‌షిప్‌లు ఎక్కువగా ఉండేది హౌసింగ్‌లోనే. హాస్టళ్లు ఎక్కువ, మనుషులు ఎక్కువ కావాలి. మనవాళ్లలో చాలామంది ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు, కెరీర్ సెంటర్, ఈ రెండే కావాలని రాస్తారు. ఆ ఆఫీసుల్లో ఉండేది ఒకటో రెండో చోట్లు, వాటికి పోటీ పడేది మొత్తం బ్యాచ్. హౌసింగ్ కష్టమైన పని, అబద్ధం చెప్పను. డ్యూటీ వారంలో రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్ మోగుతుంది, లేచి వెళ్లాలి, తెల్లారాక రిపోర్టు రాయాలి. మీకు నిద్ర ముఖ్యమైతే, మీ ఆరోగ్యం ఒప్పుకోకపోతే వద్దనుకోండి, అది న్యాయమైన కారణమే. పరువు తక్కువ, హాస్టల్ వార్డెన్ పనేంటి అనుకుని మాత్రం వద్దనుకోకండి.

హౌసింగ్ ఇంటర్వ్యూలో ఇలాంటి ప్రశ్న ఒకటి తప్పకుండా ఉంటుంది. "మీ హాల్లో ఓ ఫస్టియర్ విద్యార్థి మూడు రోజులుగా గది దాటి రావడం లేదు, ఏమీ తినడం లేదని రూమ్‌మేట్ వచ్చి చెప్పాడు. నేను చెప్పానని ఎవరికీ చెప్పొద్దన్నాడు. మీరేం చేస్తారు?" మనవాళ్లు వెంటనే చెప్పే జవాబు: "ముందు వాళ్ల అమ్మానాన్నలకు ఫోన్ చేస్తాను." ఇక్కడున్న పెద్దవాళ్లందరికీ అదే సరైన జవాబనిపిస్తుంది, నాకు తెలుసు. అక్కడ ఆ విద్యార్థి పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం అతని విద్యా రికార్డుల మీద హక్కు అతనిదే, తల్లిదండ్రులకైనా సాధారణంగా అతని అనుమతితోనే చెప్పాలి. ప్రాణం మీదికొచ్చే పరిస్థితిలో చట్టంలో వెసులుబాటు ఉంది, కానీ ఆ నిర్ణయం ఓ గ్రాడ్యుయేట్ విద్యార్థి ఒంటరిగా తీసుకునేది కాదు. ఇంటర్వ్యూ చేసేవాళ్లు వినాలనుకునేది ఏమిటంటే, ముందు ఆ మనిషి క్షేమంగా ఉన్నాడో లేదో ఇప్పుడే, ఈ గంటలోనే చూస్తారా? డ్యూటీలో ఉన్న సీనియర్ ఉద్యోగికి ఫోన్ చేస్తారా? రూమ్‌మేట్‌కి "ఎవరికీ చెప్పను" అని నిలబెట్టుకోలేని మాట ఇస్తారా, ఇవ్వరా? "నేనే కౌన్సెలింగ్ ఇస్తాను" అన్న జవాబు కూడా దెబ్బతీస్తుంది, ఎందుకంటే మీరు లైసెన్సున్న కౌన్సెలర్ కాదు. మీ హద్దు ఎక్కడో మీకు తెలుసా అన్నదే ఆ ప్రశ్న. ఇలాంటి నాలుగైదు సందర్భాలు తీసుకుని, ఒకరినొకరు ప్రశ్నలు అడుగుతూ గట్టిగా మాట్లాడి ప్రాక్టీస్ చెయ్యండి. మనసులో అనుకుంటే సరిపోదు.

ఈ మధ్య ఈ లెక్కలోకి ఇంకో విషయం వచ్చి చేరింది. కొన్ని రాష్ట్రాల్లో వైవిధ్యం, సమ్మిళితత్వం పేరుతో నడిచే ఆఫీసులను ప్రభుత్వ యూనివర్సిటీల్లో మూసేయమని చట్టాలు చేశారు. టెక్సస్‌లో అది 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. మల్టీకల్చరల్ సెంటర్ లాంటి ఆఫీసుల్లో ఉండే అసిస్టెంట్‌షిప్‌లు అలాంటి చోట్ల పోయాయి, లేదా వేరే పేరుతో వేరే ఆఫీసులోకి వెళ్లాయి. ఆ పనుల కోసమే ఈ వృత్తిలోకి వచ్చిన మంచి మనుషులకు ఇది బాధ కలిగించే విషయం, నాకూ బాధే. అభ్యర్థిగా మీరు చెయ్యాల్సింది, వెబ్‌సైట్‌లో పాత జాబితా నమ్మకుండా ఈ ఏడాది ఏయే ఆఫీసులు ఇస్తున్నాయో ప్రోగ్రామ్ కోఆర్డినేటర్‌ని నేరుగా అడగడం. మెయిల్‌లో మూడు ప్రశ్నలు చాలు. పోయినేడాది బ్యాచ్‌లో ఎంతమంది చేరారు? వాళ్లలో ఎంతమందికి అసిస్టెంట్‌షిప్ వచ్చింది? అందులో ఎఫ్1 అనే విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు ఉన్నారా? మంచి ప్రోగ్రామ్ ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిస్తుంది. జవాబు దాటేస్తే, దాటేశారన్నదే మీకు కావాల్సిన సమాచారం. నాస్పా, ఏసీపీఏ రెండింటి దగ్గరా ప్రోగ్రాముల డైరెక్టరీలు ఉన్నాయి, వెతకడం అక్కడ మొదలుపెట్టండి.

వీసా లెక్క కూడా చెప్పుకోవాలి. ఎఫ్1 మీద సెమిస్టర్ నడుస్తుండగా క్యాంపస్‌లో వారానికి 20 గంటలే పనిచెయ్యాలి. అసిస్టెంట్‌షిప్ 20 గంటలు అయితే ఆ కోటా నిండిపోయినట్టే, లైబ్రరీలోనో డైనింగ్‌లోనో ఇంకో గంట చేద్దామంటే కుదరదు. చదువయ్యాక అదే వీసా మీద ఉద్యోగం చెయ్యనిచ్చే ఓపీటీ 12 నెలలు. సాఫ్ట్‌వేర్ వాళ్లకు వచ్చే స్టెమ్ పొడిగింపు ఈ కోర్సుకి సాధారణంగా రాదు. అంటే ఆ ఏడాదిలోపే ఉద్యోగమిచ్చినవాళ్లు వీసా స్పాన్సర్ చెయ్యాలి. ఊరట ఏమిటంటే, యూనివర్సిటీలు హెచ్1బీ అనే ఉద్యోగ వీసా లాటరీ పరిమితిలోకి రావు, ఏడాదిలో ఎప్పుడైనా దరఖాస్తు పెట్టొచ్చు. కానీ పెట్టొచ్చు అన్నది వేరు, పెడతారు అన్నది వేరు. మొదటి స్థాయి ఉద్యోగాలకు స్పాన్సర్ చెయ్యం అని ముందే చెప్పే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. వీసా నిబంధనలు, ఫీజులు ఈ మధ్య తరచుగా మారుతున్నాయి కాబట్టి మీరు వెళ్లే సమయానికి ఏముందో మళ్లీ సరిచూసుకోండి. జీతం సాఫ్ట్‌వేర్ జీతంలో ఎన్నో వంతు ఉంటుందో ఇంట్లో ముందే కూర్చుని మాట్లాడుకోండి. అప్పు చేసి, అసిస్టెంట్‌షిప్ లేకుండా ఈ కోర్సుకి వెళ్లమని నేను ఎవరికీ చెప్పను.

నేను చెప్పాల్సింది ఇంతే. ఇక మీరు అడగండి.

ప్రశ్న (ఒక తండ్రి): మేడమ్, మా అమ్మాయి బీటెక్ చేసింది. వీసా ఇంటర్వ్యూలో, ఇంజినీరింగ్ చేసి ఇదెందుకని అడిగితే ఏం చెప్పాలి?

మంచి ప్రశ్న అడిగారండీ. అడుగుతారు కూడా. అమ్మాయి వ్యాసంలో ఏం రాసిందో అదే రెండు వాక్యాల్లో చెప్పాలి. హాస్టల్లో ఈ పని చేశాను, ఈ వృత్తికి శిక్షణ అక్కడ ఉంది, అసిస్టెంట్‌షిప్ లెటర్ ఇదిగో. వ్యాసం నిజంగా ఆమె అనుభవం నుంచి వచ్చి ఉంటే ఈ జవాబు తడుముకోకుండా వస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిందైతే అక్కడ నీళ్లు నమలాల్సి వస్తుంది.

ప్రశ్న (అదే తండ్రి): ఒకవేళ తిరిగొచ్చేస్తే ఇక్కడ ఏముంటుందండీ ఈ చదువుకి?

నిజం చెప్పాలంటే, అక్కడిలా విడిగా ఓ వృత్తిగా ఇక్కడ ఇంకా స్థిరపడలేదు. ఐఐటీల్లో, పెద్ద యూనివర్సిటీల్లో స్టూడెంట్ అఫైర్స్ డీన్ ఉంటారు, కానీ ఎక్కువగా ప్రొఫెసర్లే ఆ బాధ్యత అదనంగా చూస్తారు. కొన్ని కొత్త ప్రైవేట్ యూనివర్సిటీలు దీనికి ప్రత్యేకంగా సిబ్బందిని తీసుకుంటున్నాయి. అవసరం మాత్రం మన దగ్గర ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. విశాఖలో ఓ నీట్ విద్యార్థిని మరణించిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఒక్కరైనా ఉండాలంది. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కూడా ఆ మార్గదర్శకాల కిందికే వస్తాయి. కౌన్సెలర్ ఒక్కరితో సరిపోదు, హాస్టల్ నడిపేవాళ్లకు కూడా పిల్లల్ని కనిపెట్టుకోవడం తెలియాలి. మన కాలేజీల్లో ఆ మనుషులు కావాలి. ఉద్యోగం సిద్ధంగా ఉందని మాత్రం మీకు హామీ ఇవ్వలేను.

ప్రశ్న (విద్యార్థిని): ఎన్ని యూనివర్సిటీలకు అప్లై చెయ్యాలి మేడమ్? పీహెచ్‌డీకి నేరుగా వెళ్లొచ్చా?

ఆరేడు చాలమ్మా. ఒక్కోదానికి విడిగా వ్యాసం రాయాలి, ఇంటర్వ్యూలన్నీ ఒకే నెలలో పడతాయి, అంతకు మించితే దేనికీ న్యాయం చెయ్యలేవు. అందులో పేరున్న ప్రోగ్రాములు రెండుంటే, దాదాపు బ్యాచ్ అంతటికీ అసిస్టెంట్‌షిప్ ఇచ్చేవి మూడైనా ఉండేలా చూసుకో. చిన్న ఊళ్లలో ఉండే స్టేట్ యూనివర్సిటీలను చిన్నచూపు చూడొద్దు. పీహెచ్‌డీ సంగతి వేరు. అక్కడ ప్రొఫెసర్ పరిశోధనకూ నీ ప్రశ్నకూ పొంతన కుదరాలి, చాలా చోట్ల కొన్నేళ్లు పూర్తికాలం ఉద్యోగం చేసినవాళ్లను ఇష్టపడతారు. ముందు మాస్టర్స్ చెయ్యి.

ప్రశ్న (విద్యార్థి): మేడమ్, ఒకచోట అసిస్టెంట్‌షిప్ వచ్చింది, ఇంకా పెద్ద పేరున్న చోట వెయిటింగ్ లిస్ట్ అనుకోండి. మొదటివాళ్లు వారంలో చెప్పమంటే ఏం చెయ్యాలి?

కౌన్సిల్ ఆఫ్ గ్రాడ్యుయేట్ స్కూల్స్ తీర్మానం ఒకటుంది బాబూ, ఏప్రిల్ 15 తీర్మానం అంటారు. దాని మీద సంతకం చేసిన యూనివర్సిటీలు ఆర్థిక సాయం ఆఫర్‌కి ఏప్రిల్ 15 లోపు జవాబు చెప్పమని విద్యార్థిని ఒత్తిడి చెయ్యకూడదు. సంతకం చేసిన యూనివర్సిటీల జాబితా కౌన్సిల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది, మొదట అది చూడు. ఉంటే, మర్యాదగా ఆ తీర్మానం ప్రస్తావించి గడువు అడుగు. అదే రోజు వెయిటింగ్ లిస్ట్ పెట్టినవాళ్లకూ రాయి: నాకు ఇంకోచోట ఆఫర్ ఉంది, మీ దగ్గర అసిస్టెంట్‌షిప్‌తో సహా ఖాళీ వచ్చే అవకాశం ఉందా అని. అసిస్టెంట్‌షిప్‌తో సహా అన్న మాట మర్చిపోకు. వాళ్లు సీటు మాత్రమే ఇస్తామంటే, మొదటిచోట చేరతానని మెయిల్ పెట్టేసి, ఐ20కి కావాల్సిన కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టు.